జడలకు తేమే చేటు
జడలు కట్టిన తల కనిపిస్తే మా ఏలూరు వైపు రెండే మాటలు: అమ్మవారు వెలిసింది, లేదా మురికి. ద్వారకా తిరుమలలో తలనీలాలు ఇచ్చేయమనేవాళ్లూ ఉన్నారు. నా పేచీ వేరు, ఆ జడలకు అసలు చేటు తేమ. కొల్లేటి గాలిలో శ్రావణ భాద్రపదాల్లో పంచె ఆరడమే గగనం. వేలు లావు జడ పైకి పొడిగా తగిలినా నడుమ తడిగానే ఉండి, మర్నాటికి ముక్కవాసన వేస్తుంది. అలాగని తలంటు మానకూడదు, పొద్దున్నే పోసుకోవాలి. కుంకుడు రసం పలుచని గుడ్డలో వడకట్టాలి. పిప్పి జడలో ఇరుక్కుంటే ఓ పట్టాన రాదు. ఒక్కో జడనూ తువ్వాలులో పెట్టి పిండాలి, కుదుళ్లు ఆరాకే ముడి వేయాలి. సాంబ్రాణి పొగ వాసనకే, ఆ తడికి చాలదు. మాడు దురదపెట్టి పొలుసులు రాలుతుంటే మాత్రం మొక్కు సంగతి తర్వాత, ముందు చర్మవైద్యుణ్ణి కలవండి. జడ తీయకుండానే మాడుకు మందు రాసుకోవచ్చు.