ముతక కొలత, సన్నని లెక్క

పిల్లలూ! గబ్బిలం చీకటిలో తన కూత ప్రతిధ్వని విని, ఎదుట ఏమున్నదో తెలుసుకుంటుందని మీరు చదివే ఉంటారు. ఈ రోజుల్లో చాలా మోటారు కార్లు కూడా ఇంచుమించు అట్లాగే చేస్తున్నాయి. వాటి ముందు భాగంలో రాడార్ అనే చిన్న యంత్రం ఉంటుంది. అది కూతకు బదులు రేడియో తరంగాలను పంపుతుంది. ఆ తరంగం పొడవు సుమారు 4 మిల్లీమీటర్లు, అంటే ఒక పెసరగింజంత. అది లారీకో, మనిషికో తగిలి తిరిగి వస్తే, దానిని బట్టి యంత్రం దూరమూ, వేగమూ లెక్క కడుతుంది.

ఇక్కడొక చిక్కున్నది. తిరిగి వచ్చిన తరంగం ఎడతెగకుండా లేస్తూ, పడుతూ ఉంటుంది. లెక్కకట్టే యంత్రానికి అంకెలు తప్ప మరేమీ తెలియవు. అందుచేత క్షణక్షణమూ అల ఎత్తు కొలిచి, అంకె వేసి ఇచ్చే గుమాస్తా వంటి పరికరం మధ్యన ఉండాలి. దాని కొలబద్ద 8 బిట్లదైతే 256 మెట్లుంటాయి. 12 బిట్లదైతే 4096. ఒకే బిట్టయితే రెండే మెట్లు: అల సున్నకు పైన ఉన్నదా, కింద ఉన్నదా? అంతే!

కొన్ని కొత్త రకం రాడార్లలో సెకనుకు వంద కోట్లకు పైగా కొలతలు తీయాలి. అంత వేగంలో ప్రతి కొలతా సన్నగా తీయాలంటే విద్యుత్తు చాలా ఖర్చవుతుంది, పరికరం వేడెక్కుతుంది. మరి ముతక కొలతతో పని జరుగుతుందా?

మీరే చేసి చూడండి. అరుగు మీద సుద్దముక్కతో సమానంగా జానెడేసి ఎడంలో పది గీతలు గీయండి. మూడు జానల పైన కొంచెం పొడవున్న పుల్ల ఒకటి తీసుకోండి. కళ్ళు మూసుకుని, దానిని గీతలకు అడ్డంగా, వంకర లేకుండా పెట్టండి. కళ్ళు తెరిచి, పుల్ల ఎన్ని గీతల మీద పడిందో లెక్కపెట్టండి. ఒకసారి 3 వస్తుంది, ఒకసారి 4. వంద సార్లలో 70 సార్లు 3, 30 సార్లు 4 వచ్చాయనుకోండి. మొత్తం 330. వందతో భాగిస్తే 3.3. పుల్ల పొడవు ఇంచుమించు 3.3 జానలన్న మాట! చిన్న గీత ఒక్కటి కూడా లేకుండానే చిన్న కొలత దొరికింది.

కళ్ళు మూసుకోవటమే ఇందులో కిటుకు. ప్రతిసారీ పుల్ల కొన ఒకేచోట పెడితే, వంద సార్లూ ఒకే జవాబు వస్తుంది. రాడార్‌లో తనంతట తానే పుట్టే సన్నని రొద ఈ కళ్ళుమూసుకునే పని చేస్తుంది. 1963లో అమెరికాలో వైన్‌రెబ్ అనే ఆయనా, ఆయన తోటి శాస్త్రజ్ఞులూ ఇట్లాంటి ఒక్క బిట్టు కొలతలతోనే నక్షత్రాల మధ్య ఉండే హైడ్రాక్సిల్ అణువు జాడ కనిపెట్టారు.

అయితే దీనికొక హద్దున్నది. పెళ్ళిపందిట్లో డోలు మోగుతుంటే, పక్కనున్న పసిపిల్ల మాట వినబడుతుందా? లారీ నుంచి వచ్చే ప్రతిధ్వని డోలు వంటిది. ఆ లారీ పక్కనే నిలబడిన పిల్లవాడి ప్రతిధ్వని పసిగొంతు వంటిది. మెట్లు రెండే ఉంటే, అల పైనున్నదో, కిందున్నదో లారీయే తేల్చేస్తుంది. పిల్లవాడు మరుగున పడిపోవచ్చు. అప్పుడు సన్నని రొద కూడా ఆదుకోలేదు.

అందువల్ల ఇంజనీర్లు మెట్లు తగ్గించేటప్పుడు, ఎంత విద్యుత్తు మిగులుతుందని మాత్రమే చూస్తే చాలదు. లారీ పక్కనున్న పిల్లవాడు ఇంకా కనబడుతున్నాడా అని కూడా చూడాలి. కొందరు పరిశోధకులు ముతక కొలతల మధ్య కొన్ని సన్నని కొలతలు కలిపి చూస్తున్నారు.

ఆగి ఉన్న లారీ పక్కనుంచి మీరు మాత్రం ఒక్కసారిగా రోడ్డు మీదికి పరుగెత్తకండి. వచ్చే కారుకు మీరు కనబడ్డారో లేదో మీకు తెలియదు. ముందు ఆగి, రెండు వైపులా చూసి, తరవాతనే దాటండి.