కుక్కతో షికారు

"దొరలా కుక్కతో షికారేమిట్రా?" అని మిత్రులు నవ్వుతారు. నవ్వనీయండి! మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట చివరిదాకా నడిచింది కుక్కే కదా!

సెలవులకు దాచేపల్లి వెళితే, తెల్లవారుజామునే మా టైగర్‌తో నాగులేటి గట్టున నడుస్తాను. పైసా ఖర్చులేని వ్యాయామం! ఒక వేసవిలో మాత్రం బుద్ధిలేక, వీరుల గుడి చూద్దామని మిట్టమధ్యాహ్నం సైకిలుమీద కారెంపూడి దారి పట్టాను. అది వెంట పరుగెత్తింది. నేల నిప్పులా కాలుతోంది. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు; రొప్పుతూనే వేడి తగ్గించుకోవాలి. కొంతదూరం పోయాక కూలబడిపోయింది. నీడకు చేర్చి, ఒళ్ళు తడిపి, ఎలాగో బ్రతికించుకున్నాను.

మిత్రులారా! "నేను రాను" అనడం దానికి తెలియదు. కనుక ఎండ చూచుకోవలసిందీ, మరువకుండా రేబీస్ టీకా వేయించవలసిందీ మనమే. కుక్కను విడిచి స్వర్గానికైనా రానన్నాడు ధర్మరాజు. మనం దాన్ని మండుటెండలో పరుగెత్తించకుంటే చాలు!