ఊపిరికి రాత్రితోడు



హైదరాబాదునందు సైబర్ టవర్స్ ప్రారంభమైనది 1998వ సంవత్సరమున. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున పేద గృహిణులకు వంటగ్యాసు నొసంగు దీపం పథకము వచ్చినది 1999లో. ఆ మేడలలో నుద్యోగములకు వచ్చిన బిడ్డల తల్లులలో ననేకులు అప్పటికే పుల్లలు, పిడకలు రాజవేసి, ఊదుగొట్టముతో నూదుచు, ఏండ్ల తరబడి పొగ పీల్చియుండిరి. నేడు వారు మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలిలలో బిడ్డలకడ నున్నారు. పొయ్యి మారినది గాని, పొగ చేసిన హాని ఊపిరితిత్తులను వదలలేదు. చుట్ట, సిగరెట్టు లెరుగని స్త్రీలకును సీఓపీడీ యను దీర్ఘ శ్వాసవ్యాధి కలుగుట కీ పొగ యొక ముఖ్య కారణము.

ఊపిరితిత్తులలో ప్రాణవాయువు తగ్గినచోట సన్నని రక్తనాళములు ముడుచుకొనును. చిరకాల మట్లున్న, గుండెనుండి ఊపిరితిత్తులకు బోవు నాళములలో పోటు హెచ్చును. ఇది చేతికి పట్టీ చుట్టి కొలుచు పోటు గాదు. అచట సగటు పోటు పాదరస మానమున 20 మిల్లీమీటర్లు దాటిన నెక్కువ యందురు. ఆ భారమునకు గుండె కుడిభాగ మలసి, పాదములు వాచును. నిద్రలో శ్వాస మరింత మందగించి, బొగ్గుపులుసు వాయువు రక్తమున నిలిచిన, ఉదయము తలనొప్పి, పగలు మత్తు కలుగును. “పెద్దతనము గదా” యని వీనిని త్రోసివేయక, వైద్యునికి జూపి, గుండె ఎకో, రక్తములోని వాయువుల పరీక్ష చేయింపవలెనా యని యడుగుడు.

బొగ్గుపులుసు వాయువు నిలుచువారిలో కొందరికి వైద్యులు బైపాప్ యంత్రము నిత్తురు. గొంతులో గొట్టము దింపరు. ముఖమునకు మాస్కు బిగింతురు. పీల్చునపుడు హెచ్చుగను, విడుచునపుడు తక్కువగను ఒత్తిడినిచ్చి, అలసిన శ్వాసకండరములకది సాయపడును. ఇది నాళముల పోటును మాన్పు మందు గాదు, మూలవ్యాధిలో నూత. ఆసుపత్రిలో తీవ్రస్థితి గడిచియు బొగ్గుపులుసు వాయువు తగ్గని సీఓపీడీ రోగులను గూర్చి 2017లో బ్రిటనున నొక పరిశోధన వెలువడినది. ఇంట ప్రాణవాయువు మాత్రమే వాడినవారు మరల ఆసుపత్రి చేరుటకో, మరణించుటకో పట్టిన మధ్యస్థ కాలము 1.4 నెలలు, యంత్రమును గూడ వాడినవారికి 4.3 నెలలు.

“యంత్రము వచ్చినది, ఇక అంత్యకాలమే” యని బెదరు తల్లులు కలరు. చేతికఱ్ఱ నడక మాన్పించునది గాదు, నడిపించునది, ఇదియు నట్టిదే. మాస్కు కుదురకున్న గాలి కన్నులకు గొట్టును, ముక్కుపై పుండు పడును. అందుచే యంత్రము మానక, వేరొక కొలత మాస్కు నడుగుడు. మొదట పగటిపూట కొంతసేపు పెట్టి యలవాటు చేయుడు. వాంతి వచ్చునపుడు వెంటనే తీయుడు. ఆయాసము హెచ్చినదని ప్రాణవాయువును స్వబుద్ధితో పెంచరాదు; కొందరిలో బొగ్గుపులుసు వాయువు మరింత నిలిచి స్పృహ తప్పవచ్చును. మాట తడబడినను, లేపిన లేవకున్నను ఆలసింపక ఆసుపత్రికి గొనిపొండు.

కూతుండ్రారా, కోడండ్రారా! రాత్రి పనులు ముగించి, పెద్దావిడ మంచముకడ కొంచెముసేపు కూర్చుండి, మాస్కు పట్టీ సరిచేయుడు. మనకన్నము వండుటకై పొయ్యి నూదిన ఊపిరి యది. దానిని నిలుపుట మన వంతు.