ఎన్ని రోజులు పట్టింది?

తెలుగువారు పూలదండను అల్లుతారు. జడను అల్లుతారు. వెదురుతో బుట్టను, తాటాకుతో చాపను అల్లుతారు. కవి పద్యాన్ని అల్లుతాడు. పందిరిమీదికి తీగె తనంత తానే అల్లుకొంటుంది. విడివిడిగా ఉన్నవాటిని ఓపికతో ఒకటిగా చేర్చడం వీటన్నింటికీ సమానమైన లక్షణం కనుకనే ఇన్నింటికి ఒకే క్రియ సరిపోయింది. సంస్కృతంలోనూ ఈ భావనే కనిపిస్తుంది. ‘సూత్రం’ అంటే దారం. ‘గ్రంథం’ అనే మాట కూర్చడం, ముడివేయడం అనే అర్థాలు గల ధాతువునుంచి పుట్టింది. ‘ప్రబంధం’ అంటే చక్కగా బంధింపబడినది. వాత్స్యాయనుడు పేర్కొన్న అరవైనాలుగు కళల్లో సూదితోను, దారంతోను చేసే సూచీవాన కర్మలు, దండలు కూర్చే మాల్యగ్రథనం, కావ్యరచన ఒకే పట్టికలో చోటుచేసుకొన్నాయి. మన కాలానికి వచ్చేసరికి కావ్యం చదువుగా నిలిచింది. సూది పని మాత్రం చదువుకోనివారి వ్యాపకంగా, లేదా ఆడవారి కాలక్షేపంగా దిగజారింది. ఈ చిన్నచూపు సమంజసమేనా అన్నది ఆలోచించవలసిన విషయం.

నాకు ఊలు అల్లిక నలభై ఏళ్లు దాటిన తరువాత అబ్బింది. ఒక శీతకాలంలో మా అమ్మ నెల రోజులపాటు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది. నేను పగలంతా వరండాలోని బల్లమీద కూర్చొని ఉండేవాణ్ణి. పుస్తకం తెరిస్తే ఒక్క వాక్యం కూడా తలకెక్కేది కాదు. మరో రోగికి తోడుగా వచ్చిన ఒక పెద్దావిడ నా అవస్థను గమనించి, “ఊరికే కూర్చుంటే మనసు పాడవుతుంది నాయనా, ఇది పట్టుకో” అంటూ రెండు సూదులు, ఒక ఊలు ఉండ నా చేతికిచ్చింది. మగవాడు ఊలు అల్లడం చూసి దారిన పోయేవారు నవ్వుకొన్నారు. మూడు రోజులకు వారి నవ్వు నాకు వినిపించడం మానేసింది.

ఆ పనిలోని కిటుకు చాలా సులువైనది. ఒక సూదిమీద ఊలును మెలికలుగా ఎక్కించాలి. రెండో సూదితో ఒక్కొక్క మెలికలోనుంచి దారాన్ని లాగి కొత్త మెలిక వేస్తూ పోవాలి. దారాన్ని ముందువైపుకు లాగడం ఒక పద్ధతి, వెనుకవైపుకు లాగడం మరో పద్ధతి. లెక్కలేనన్ని నమూనాలకు ఈ రెండే ఆధారం. చేతులు ఒకే కదలికను పదేపదే చేస్తాయి. మనసు మెలికలను లెక్కిస్తుంది. రేపు ఏమవుతుందోనన్న భయానికి ఆ లెక్క మధ్య చోటు దొరకదు. ఒక మాటనో, శబ్దాన్నో, కదలికనో పునరావృతం చేస్తూ, మధ్యలో వచ్చే ఆలోచనలను పట్టించుకోకుండా ఉంటే శరీరం విశ్రాంతిస్థితిని పొందుతుందని అమెరికా వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్ 1975లో వెలువరించిన గ్రంథంలో వివరించాడు. మన పెద్దలు జపమాల తిప్పడంలోని రహస్యం కూడా ఇటువంటిదే కావచ్చు. ఊలు అల్లిక అమ్మ వ్యాధిని నయం చేయలేదు. ఆ వ్యాధి పక్కన కూర్చొనే శక్తిని మాత్రం నాకిచ్చింది.

అల్లిక నేర్పే మరో పాఠం కూడా ఉంది. ఇరవయ్యో వరుసలో ఉండగా పన్నెండో వరుసలోని పొరపాటు కంటబడుతుంది. ఊలును విప్పి, మళ్లీ అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు. దారం ఎక్కడికీ పోదు. ఒక్క పరీక్షలో మార్కులు తగ్గితే జీవితమే ముగిసిందనుకొనే వయసులో ఉన్న మీకు ఈ పాఠం ఏ పాఠ్యాంశానికీ తీసిపోదని నా నమ్మకం.

నెల చివర అమ్మ ఇంటికి వచ్చే నాటికి నా చేతిలో ఒక శాలువా తయారయింది. మొదటి పది వరుసలు వంకరటింకరగా ఉన్నాయి. చూసిన బంధువులు “బాగుంది, ఇటువంటిది బజారులో ఎంతుంటుంది?” అని అడిగారు. అమ్మ మాత్రం దాన్ని ఒళ్లో పరచుకొని, వేళ్లతో ఒక్కొక్క వరుసా తడిమి, “ఎన్ని రోజులు పట్టింది?” అని అడిగింది. వంకర వరుసలను విప్పి సరిచేస్తానంటే ఒప్పుకోలేదు.

స్వహస్తాలతో చేసి ఇచ్చే వస్తువుకున్న విలువ ఇదే. అది ఇచ్చినవారి ఆయుర్దాయంలోని కొన్ని గంటలను తనలో దాచుకొని ఉంటుంది. శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’ పేరులోనే చేతితో కట్టిన దండ ఉంది. విష్ణుచిత్తుడు స్వామికి సమర్పించినది తాను పెంచిన తోటలోని పూలతో కూర్చిన మాల. గోదాదేవి దాన్ని ముందుగా తాను ధరించి ఆ తరువాత స్వామికి పంపింది. ఆ దండలో పూల వెలను ఎవరూ లెక్కించలేదు. రెండు ప్రపంచయుద్ధాల కాలంలో బ్రిటన్, అమెరికా మొదలైన దేశాల్లో స్త్రీలు, బడిపిల్లలు సైతం సైనికులకోసం ఊలు మేజోళ్లు అల్లి పంపారు. ముఖం తెలియని మనిషి పాదాలు వెచ్చగా ఉండాలని కోరుకోవడం కూడా ఒక ఆత్మీయతే.

అయితే అమ్మ అడిగిన ప్రశ్నకు మరో మూలం ఉంది. ఆమె పుట్టి పెరిగింది నరసాపురం ప్రాంతంలో. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు అక్కడి స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. ఊలు అల్లికకు రెండు సూదులు కావాలి. ఈ లేసుకు కొక్కెం గల సూది ఒక్కటి చాలు. మధ్యాహ్నం అరుగులమీద చేరిన స్త్రీలు సన్నని నూలు దారంతో అల్లిన లేసు విదేశాల్లోని ఇళ్లను అలంకరించింది. బాల్యంలో అమ్మ కూడా ఆ అరుగుమీద కూర్చున్నదే. చేతికొచ్చే కూలి స్వల్పం. ఎక్కువ అడిగితే “తీరిక వేళ చేసే పనికి ఇంకెంత ఇస్తారమ్మా?” అని వర్తకుడు నవ్వేవాడట.

ఆ నవ్వులోని అన్యాయాన్ని జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు స్త్రీలమీద 1982లో ప్రచురించిన గ్రంథంలో విశ్లేషించింది. ప్రపంచ విపణికి సరుకు తయారుచేస్తున్న స్త్రీలను శ్రామికులుగా కాక గృహిణులుగా మాత్రమే చూడటం, వారి శ్రమకు ‘తీరిక పని’ అని పేరుపెట్టడం వల్లనే అంత తక్కువ కూలి సాధ్యమయిందని ఆమె నిరూపించింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. సంతోషించదగిన విషయమే. కాని వస్తువుకు దక్కిన గౌరవం దాన్ని అల్లిన చేతులదాకా చేరినప్పుడే ఆ గుర్తింపు సార్థకమవుతుంది.

అల్లికను హాయినిచ్చే వ్యాపకంగా పొగడుతూనే, వ్యాపకమన్న పేరు వల్లనే అల్లేవారు నష్టపోయారని చెప్పడం పరస్పర విరుద్ధంగా తోచవచ్చు. నా దృష్టిలో మొదటిది రెండోదానికి విరుగుడు. తన చేతులతో ఒక్క మఫ్లరైనా అల్లినవాడు చేతిపనివారితో బేరమాడే ముందు ఒక్క క్షణం ఆగుతాడు. ఒక్కొక్క వరుసకు ఎంత సమయం పడుతుందో, మెడ ఎంత నొప్పిపెడుతుందో వాడి శరీరానికి తెలుసు. తెలిసిన శ్రమను చులకన చేయడం కష్టం.

“యంత్రం గంటలో చేసే పనికి నెల రోజులెందుకు?” అని మీరు అడగవచ్చు. చలినుంచి కాపాడుకోవడానికే అయితే యంత్రం అల్లిన స్వెట్టరే చాలు. యంత్రాన్ని కాదనవలసిన అవసరం లేదు. కాని యంత్రం మన మనసును నిలపదు, మన ఓపికను పెంచదు, మనకు బదులుగా మరొకరిని ప్రేమించదు. “ఇది ఆడపిల్లల పని కదా” అని మరికొందరనవచ్చు. పెరూ దేశంలోని టిటికాకా సరస్సులో తకీలే అనే ద్వీపం ఉంది. అక్కడ ఊలు అల్లేవారు పురుషులు. మగపిల్లలకు చిన్ననాడే ఈ విద్య నేర్పుతారు. ఆ ద్వీపవాసుల వస్త్రకళను 2005లో యునెస్కో మానవాళి వారసత్వంగా ప్రకటించింది. సూదికి స్త్రీపురుష భేదం తెలియదు. ఆ భేదం మనం కల్పించుకొన్నదే.

ఇంటర్మీడియట్ చదువుల ఒత్తిడిలో మీకు తీరిక తక్కువన్నది నిజమే. ఉన్న కొద్దిపాటి తీరికను సెల్‌ఫోన్ తినేస్తున్నదన్నదీ నిజమే. అందులోంచి రోజుకొక అరగంట వెనక్కి తీసుకోండి. ఊలు అల్లికో, లేసో, బుట్టో, పూలదండో, ఏదో ఒక చేతిపని నేర్చుకోండి. మొదటి వస్తువు వంకరగానే వస్తుంది. సిగ్గుపడకుండా దాన్ని మీకు ఇష్టమైనవారికి ఇవ్వండి. ఇకమీదట ఎక్కడైనా చేతితో చేసిన వస్తువు మీ కంటబడితే, ధర అడగడానికి ముందు మా అమ్మ అడిగిన ప్రశ్నను ఒకసారి అడగండి. సమాధానం విన్న తరువాత ఎంత ఇవ్వాలో మీకే తెలుస్తుంది.