స్థూలకాయమును, ప్రేగుల శస్త్రచికిత్సయు

గతమాసమున మా పొరుగింటి యిల్లాలు వచ్చి, చాలసేపటికి గాని నోరు విప్పలేదు. ఆమెకు పెద్దప్రేగున రాచపుండు, అనగా కాన్సరు, పుట్టినదట. కడుపునకు నాలుగైదు చిన్నగాట్లు పెట్టి, కెమేరాగల సన్నని గొట్టమును జొనిపి చేయు లాపరోస్కోపీ శస్త్రచికిత్సను వైద్యులు సూచించిరి. "వదినగారూ, నావంటి లావుపాటి మనిషికి అది సాగునా? ఆరునెలలు పస్తులుండి, చిక్కిన పిదప చేయించుకొందును" అని కంటనీరు పెట్టుకొనెను. ఈ సందేహము పెక్కుమందికి గలుగునది గావున, మేము తెలిసికొన్నంత విన్నవించుచున్నాము.

పెద్దప్రేగున కీ పద్ధతి 1991 ప్రాంతమున మొదలయ్యెను. 872 మంది రోగులపై జరిపి 2004లో ప్రకటించిన యమెరికా పరిశీలనలో, రాచపుండు తిరుగబెట్టుట పెద్దకోతయందును దీనియందును నించుమించు సమానమని తేలెను.

స్థూలకాయులకు గొన్ని చిక్కులు గలవన్నమాట నిజమే. ప్రేగుల నంటియున్న క్రొవ్వు రక్తనాళములను గప్పివేయును. లోపల పనిముట్లు కదలుటకు చోటు చాలదు. కాలము హెచ్చుగ బట్టును. కడుపును బొగ్గుపులుసు వాయువుతో నుబ్బించి, తలవైపు వంచినప్పుడు ఊపిరితిత్తులపై నొత్తిడి పెరుగును. నడుమ పెద్దకోతకు మారవలసివచ్చుటయు, గాయము చీముపట్టుటయు వీరి కెక్కువ. తూకముకంటె పొట్టలోపలి క్రొవ్వే యిందుకు ముఖ్యకారణము.

అయినను చేయితిరిగిన వైద్యుడు పుండును, దాని చుట్టునున్న లింఫు గ్రంథులను స్థూలకాయులందును చక్కగ దీయగలడు. పెద్దకోతకంటె దీనిలో గాయము చీముపట్టుట తక్కువ గనుక వీరికిని మేలే. నడుమ పెద్దకోతకు మారినచో నది యోటమి గాదు; ప్రాణము గాచుటకై చేయు వివేకము.

చరకసంహిత అతిస్థూలుని మాత్రమే గాక అతికృశుని గూడ నిందితులలో జేర్చినది. పస్తులచే బలము క్షీణించినచో గాయము మానదు. రాచపుండు మనకొఱకు వేచియుండదు. ఉన్న కొలదిదినములలో వైద్యుని సలహాపై నడకయు, ఊపిరి సాధనయు జేయుట, మధుమేహమున్నచో నదుపులో నుంచుట, చుట్ట త్రాగువారు మానుట, మాంసకృత్తులుగల యాహారము దినుట మేలు. శస్త్రచికిత్స పిదప, కాళ్లలో నెత్తురు గడ్డకట్టకుండ, వైద్యులు చెప్పినవెంటనే లేచి నడువవలెను.

మలమున రక్తము గనబడినచో మూలవ్యాధియని దాచుకొనకుడు. లావును గూర్చిన సిగ్గు ప్రాణముకంటె గొప్పది గాదు. మా పొరుగింటి యామె యీ నెలలోనే శస్త్రచికిత్స కంగీకరించినది. ఆమెకు తోడుగ మేమును వెళ్లుచున్నాము.