కాపర్ టి: పెట్టేటప్పుడు అడగరు, తీయమంటే వినరు

ఆ మధ్య ఒక వాడలో కూలి మహిళలతో మాట్లాడుతుంటే ఒక చెల్లి ఇంట్లోకి వెళ్లి ఆస్పత్రి డిశ్చార్జి కాగితం తెచ్చి మా చేతిలో పెట్టింది. ఆమెకు రెండో కాన్పయి ఏడు నెలలు. నెలసరి మళ్లీ మొదలైనప్పటి నుంచి ఎనిమిది తొమ్మిది రోజులకు గానీ ఆగడం లేదట. కలుపుకు వెళ్తే నడుము నిలవడం లేదు, కళ్లు తిరుగుతున్నాయి. కాగితం అడుగున ఇంగ్లీషులో ఒక చిన్న ముక్క ఉంది. కాన్పు తర్వాత కాపర్ టి పెట్టాం అని దానర్థం. ఆ సంగతి ఆమెకు మేము చదివి చెప్పేదాకా తెలియదు. "నొప్పులు పడుతుంటే ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారక్కా" అంది.

తర్వాత ఆమె ఆస్పత్రికి వెళ్లి తీసేయమని అడిగింది. "ఆపరేషన్ చేయించుకుంటానంటే తీస్తాం, లేదా మీ ఆయన్ని వెంటబెట్టుకుని రా" అన్నారు. కూలి పోయింది, చార్జీలు పోయాయి, కాపర్ టి మాత్రం అలాగే ఉండిపోయింది.

ఈ ఒక్క ఘటనను పట్టుకుని కాపర్ టి చెడ్డదని చెప్పడానికి ఇది రాయడం లేదు. అలా చెబితే అది అబద్ధమే కాదు, మన ఆడవాళ్లకు ద్రోహం కూడా. మేము అడుగుతున్నది వేరు. పెట్టుకోవాలా వద్దా అన్నది ఎవరు నిర్ణయిస్తున్నారు? వద్దనుకున్న రోజు తీయించుకోగలుగుతున్నారా?

ముందు వస్తువు గురించి

మన పెద్దవాళ్లు ఇప్పటికీ "లూపు" అనే పిలిచే ఈ సాధనం టి ఆకారంలో ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క. దానికి రాగి తీగ చుట్టి ఉంటుంది. అందులో హార్మోన్లు ఉండవు. గర్భసంచిలో రాగి కొద్దికొద్దిగా కరుగుతూ వీర్యకణాలను పనిచేయనివ్వదు, దాంతో అండం ఫలదీకరణ చెందదు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా పెట్టేవి రెండు రకాలు. 380ఏ రకం 10 ఏళ్లు పనిచేస్తుంది, 375 రకం 5 ఏళ్లు. పెట్టుకున్న వంద మందిలో ఏడాదిలో గర్భం వచ్చేది ఒక్కరికి కూడా మించదు. తీసేస్తే వెంటనే మళ్లీ గర్భం దాల్చే అవకాశం ఉంటుంది. పాలిచ్చే తల్లులూ పెట్టుకోవచ్చు. మాత్రలు పడనివారికి, రోజూ గుర్తుపెట్టుకుని వేసుకోలేనివారికి, ఇంట్లో మాత్రల షీటు దాచుకునే వీలు లేనివారికి ఇది నిజంగా అక్కరకొచ్చే సాధనం.

గుండెకు పాకుతుందని, కాన్సర్ వస్తుందని, పిల్లలు పుట్టరని చెప్పుకునే మాటల్లో నిజం లేదు.

అయితే నిజంగా వచ్చే ఇబ్బందులూ ఉన్నాయి. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో నెలసరి రక్తస్రావం పెరుగుతుంది, ఎక్కువ రోజులు ఉంటుంది, కడుపునొప్పి, నడుము నొప్పి వస్తాయి. మధ్యమధ్యలో మరకలు కనిపిస్తాయి. చాలామందికి ఇవి మెల్లగా తగ్గుతాయి, కొందరికి తగ్గవు. కొందరిలో కాపర్ టి దానంతటదే జారిపోతుంది. కాన్పయిన వెంటనే పెట్టినప్పుడు ఇలా జారిపోవడం ఎక్కువ. పెట్టేటప్పుడు గర్భసంచి గోడకు రంధ్రం పడటం చాలా అరుదు, వెయ్యి మందిలో ఒకరిద్దరికి జరగవచ్చు. అప్పటికే ఇన్ఫెక్షన్ ఉన్నవారికి దానికి చికిత్స చేయకుండా పెడితే, తొలి మూడు వారాల్లో అది పైకి పాకే ప్రమాదం ఉంటుంది. సుఖవ్యాధుల నుంచి, హెచ్‌ఐవీ నుంచి కాపర్ టి కాపాడదు.

కాబట్టి నెలసరి తప్పినా, దారం చేతికి తగలకపోయినా, జ్వరంతో పాటు పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి వచ్చినా వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి. ఇదంతా చెప్పడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు మన ఆడవాళ్లకు దొరకడం లేదు.

రక్తం లెక్క

వైద్య పుస్తకంలో "రక్తస్రావం కొంత పెరగవచ్చు" అని ఒక్క వాక్యం ఉంటుంది. ఆ వాక్యం అందరి ఒంట్లోనూ ఒకేలా పనిచేయదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. దళిత, ఆదివాసీ మహిళల్లో ఇది సగటు కంటే ఎక్కువ. రేషన్ బియ్యం మీద బతికే ఒంట్లో, అందరూ తిన్నాక మిగిలింది తినే ఒంట్లో రక్తం ముందే తక్కువ. దాని మీద నెలనెలా ఇంకొంచెం పోతే ఏమవుతుంది?

రక్తహీనత ఉన్నంత మాత్రాన కాపర్ టి పెట్టకూడదని వైద్యం చెప్పదు. కానీ పెట్టే ముందు రక్తపరీక్ష చేయాలి, ఐరన్ మాత్రలు ఇవ్వాలి, నెల తర్వాత పిలిచి చూడాలి. మాత్ర వేసుకుంటే తగ్గే నొప్పికి మాత్ర ఇవ్వాలి. తగ్గకపోతే తీసేయాలి. ఇవేవీ లేకుండా కాపర్ టి ఒక్కటే చేరినప్పుడు అది వైద్యం కాదు, లెక్కల పుస్తకంలో ఒక అంకె మాత్రమే.

కూలి సంగతి కూడా ఇందులోనే ఉంది. మిరప చేలల్లో, పత్తి చేలల్లో మరుగుదొడ్డి ఉండదు. గుడ్డ మార్చుకోవడానికి చాటు ఉండదు. పారిశుధ్య పనికి తెల్లవారుజామున రోడ్డెక్కే అక్కలకూ అంతే. ఎనిమిది రోజుల రక్తస్రావం అంటే ఎనిమిది రోజుల నరకం, లేదా మూడు నాలుగు రోజుల కూలి నష్టం. దుష్ప్రభావాల జాబితాలో ఈ నష్టాన్ని ఎవరూ రాయరు.

దీనికి ఇంకో కొస కూడా ఉంది. అదే సర్వే ప్రకారం గర్భసంచి తీయించుకున్న మహిళల శాతంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలోనే ముందున్నాయి. రెండు చోట్లా అది 8 శాతం పైనే. దేశ సగటు 3 శాతం చుట్టూ ఉంది. గర్భసంచి తీయించుకోవడానికి మహిళలు ఎక్కువగా చెప్పిన కారణం అధిక రక్తస్రావం, నొప్పి. రక్తస్రావం అని వెళ్తే కారణం వెతికేవారు లేని చోట, "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు" అనే మాట సులువుగా వస్తుంది. అందుకే కాపర్ టి వల్ల వచ్చిన రక్తస్రావాన్ని కాపర్ టి తీసి ఆపాలి తప్ప, ఇంకో కోతకు దారి చేయకూడదు.

ఆపరేషనే కుటుంబ నియంత్రణ

మన రెండు రాష్ట్రాల్లో కుటుంబ నియంత్రణ అంటే ఆడవాళ్ల ఆపరేషనే. ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత మహిళల్లో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతం పైగా ఆ ఆపరేషన్ చేయించుకున్నారు. దేశం మొత్తం మీద అది 38 శాతం. కాపర్ టి వాడుతున్నవారు దేశంలో 2 శాతం. మగవాళ్ల ఆపరేషన్ దేశంలో 0.3 శాతం. కోత పెద్దది, ప్రమాదం ఎక్కువ ఆడవాళ్లకే అయినా భారం మొత్తం వాళ్ల కడుపు మీదే పడింది.

ఆ కోత ఖరీదు మనకు తెలుసు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒకే డాక్టరు కొద్ది గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశాడు. పన్నెండు మందికి పైగా మహిళలు చనిపోయారు. దేవికా బిశ్వాస్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ఇలాంటి క్యాంపులను మూడేళ్లలో ఆపేయాలని ఆదేశించింది. 2022 ఆగస్టులో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి ఆపరేషన్లు చేశారు. నలుగురు తల్లులు చనిపోయారు.

ఈ నేపథ్యంలో కోత లేని, మళ్లీ వెనక్కి రాగలిగే సాధనం మన ఆడవాళ్లకు కావాలి. అందులో మాకు అనుమానం లేదు. కానీ ఆపరేషన్లను నడిపిన పద్ధతిలోనే కాపర్ టినీ నడిపితే రెంటికీ తేడా ఏముంది? 1965లో ప్రభుత్వం లిప్పిస్ లూపును దేశమంతా పెట్టించింది. రక్తస్రావం వస్తుందని ముందే చెప్పలేదు, వచ్చాక చూసేవారు లేరు. ఊళ్లలో భయం పుట్టింది, రెండు మూడేళ్లకే ఆ కార్యక్రమం కూలిపోయింది. ఇవాళ కాపర్ టి అంటే మన నాయనమ్మలు "వద్దమ్మా" అనేది ఆ అనుభవం వల్లే. దాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయడం తేలిక. ఆ భయాన్ని పుట్టించింది ప్రభుత్వమే అని ఒప్పుకోవడం కష్టం.

ఇప్పుడు గాలి ఇంకో వైపు తిరిగింది. పిల్లలు తగ్గిపోతున్నారు, ఎక్కువమందిని కనండి అని 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి పిలుపునిచ్చారు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న మూడు దశాబ్దాల నాటి నిబంధనను ఆ నవంబరులో శాసనసభ ఎత్తేసింది. ఆ నిబంధన పోవడం మంచిదే, దానివల్ల దళిత మహిళలు పదవులకు దూరమయ్యారు. కానీ నిన్న "ఆపండి" అన్నవారే ఇవాళ "కనండి" అంటున్నారు. రెండుసార్లూ మన ఆడవాళ్లను ఎవరూ అడగలేదు. జనాభా లెక్క ఎటు మొగ్గితే అటు మొగ్గడానికి మన గర్భసంచి ప్రభుత్వ ఆస్తి కాదు.

వేలిముద్ర సమ్మతి కాదు

కాన్పయిన 48 గంటల్లోపు కాపర్ టి పెట్టడం వైద్యపరంగా తప్పు కాదు. దాని గురించి గర్భిణిగా ఉన్నప్పుడే, చెకప్‌లకు వచ్చినప్పుడే మాట్లాడాలని, నొప్పుల మీద ఉన్నప్పుడు మొదటిసారి అడగకూడదని ప్రభుత్వ మార్గదర్శకాలే చెబుతున్నాయి. కానీ కాన్పు తర్వాత కాపర్ టి పెట్టిన సిబ్బందికి, వెంట తీసుకొచ్చిన ఆశా కార్యకర్తకు ప్రభుత్వం ప్రోత్సాహకం ఇస్తుంది. అడిగితే తీసినందుకు అలాంటి ప్రోత్సాహకం లేదు. ఇందులో ఆశా అక్కలను తప్పుపట్టి లాభం లేదు. వాళ్లలో చాలామంది మన వాడల బిడ్డలే, సరైన జీతం లేక ఆ డబ్బుల మీదే బతుకుతున్నారు. తప్పు ఆ లెక్కను అలా కట్టినవారిది.

లేబర్ రూములో కులమూ పనిచేస్తుంది. "మీవాళ్లకు చెబితే అర్థం కాదు" అనే మాట మేము ఎన్నోసార్లు విన్నాం. అర్థం కాదని ముందే అనుకున్నాక వివరించాల్సిన అవసరం ఎవరికీ కనిపించదు. అడిగిన మనిషికి కసురు, ఎదురు చెప్పిన మనిషికి ఆలస్యం.

ఇది మన దగ్గరే జరిగిన సంగతి కాదు. 1960లలో గ్రీన్‌లాండ్‌లో డెన్మార్క్ డాక్టర్లు వేలాది ఇన్యూట్ మహిళలకు, బడికెళ్లే ఆడపిల్లలకు కూడా, లూపులు పెట్టారు. చాలామందిని అడగలేదు, కొందరికి చెప్పనే లేదు. ఆ మహిళలు ముసలివాళ్లయ్యాక నోరు విప్పి, కోర్టుకెళ్లి పోరాడారు. 2025లో డెన్మార్క్ ప్రధాని క్షమాపణ చెప్పారు. అక్కడా ఇక్కడా వస్తువు ఒకటే. ఎవరి ఒంటిని అడగకుండా ముట్టుకోవచ్చో పాలకులు ముందే తేల్చుకున్నారు, అదీ ఒకటే.

మనం అడగాల్సినవి

1938 నవంబరులో బొంబాయి శాసనసభలో స్వతంత్ర కార్మిక పార్టీ తరఫున జనన నియంత్రణ తీర్మానం వచ్చింది. సభలో చదివింది పి.జె. రోహమ్, ప్రసంగం సిద్ధం చేసింది బాబాసాహెబ్ అంబేడ్కర్. తీర్మానం ఓడిపోయింది. కానీ ప్రజలకు జనన నియంత్రణ సౌకర్యాలు ప్రభుత్వమే కల్పించాలని, ఎడతెగని కాన్పుల్లో నలిగిపోయే స్త్రీ వైపు నుంచి ఆలోచించాలని అడిగిన సంప్రదాయం మనది. కాబట్టి సాధనాలు వద్దని కాదు, అన్ని సాధనాలూ కావాలని, వాటిలో ఏది కావాలో మేమే తేల్చుకుంటామని మనం అడగాలి.

హార్మోన్లు వద్దనుకునేవారికి కాపర్ టి ఒక్కటే లేదు. నిరోధ్ ఉంది. వారానికొకసారి వేసుకునే ఛాయా మాత్ర ఉంది. దాన్ని లక్నోలోని మన ప్రభుత్వ పరిశోధన సంస్థే తయారుచేసింది. అన్నిటికంటే చిన్న ఆపరేషన్ మగవాళ్లది. మన సంఘాల్లో, మన హాస్టళ్లలో, మన మీటింగుల్లో మగ కామ్రేడ్లు దీని గురించి నోరెత్తరు. జైభీమ్ అన్న గొంతులు ఈ మాట దగ్గర ఎందుకు తగ్గుతాయో వాళ్లే చెప్పాలి.

మేము కోరేవి కొత్తవేమీ కావు. గర్భిణి చెకప్‌లో తెలుగులో, నోటితో వివరించాలి. కాపర్ టి పెడితే రకం, పెట్టిన తేదీ, తీయాల్సిన తేదీ రాసిన తెలుగు కార్డు చేతికివ్వాలి. పెట్టే ముందు రక్తపరీక్ష చేయాలి, పెట్టాక ఐరన్ మాత్రలు ఇవ్వాలి. తీయమన్న రోజే, భర్త సంతకం అడగకుండా, బదులుగా ఆపరేషన్ షరతు పెట్టకుండా తీయాలి. పెళ్లికాని అమ్మాయి అడిగినా ఇదే గౌరవంతో మాట్లాడాలి. ఇవి జరుగుతున్నాయో లేదో ప్రతి ఊరి మహిళా సంఘం, ప్రతి హాస్టల్ విద్యార్థినుల బృందం వెళ్లి చూడొచ్చు. తీయమని అడిగినవారిలో ఎంతమందికి తీశారో సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు.

మొదట చెప్పిన చెల్లి వెంట మళ్లీ ఆస్పత్రికి మేము నలుగురం వెళ్లాం. ఈసారి మొగుడేడి అని ఎవరూ అడగలేదు. పది నిమిషాల్లో తీసేశారు. బయటికొచ్చాక ఆమె అంది: "ఇంతేనా అక్కా? దీనికోసమా నన్ను అన్నిసార్లు తిప్పింది?" నలుగురు వెంట వస్తే పది నిమిషాల్లో అయ్యే పని, ఒంటరిగా వెళ్లినప్పుడు ఎందుకు కాలేదు? దీనికి జవాబు ఆస్పత్రి ఇవ్వాలి. అది ఇచ్చేదాకా, అడిగిన ప్రతి అక్క వెంటా మనం నలుగురం వెళ్తూనే ఉందాం.