బడ్జెట్ గేమింగ్ పీసీ: 'ఐ7' పేరు కాదు, జనరేషన్ చూడండి

'ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డ్, ఆర్‌జీబీ క్యాబినెట్.. అన్నీ కలిపి రూ.18 వేలే!' ఇలాంటి రీల్ మీకు ఒక్కటైనా కనిపించే ఉంటుంది. బీటెక్‌లో చేరేటప్పుడు ఇంట్లో ఒకసారి పీసీకి డబ్బులిస్తారు. మళ్లీ అడగాలంటే మూడు నాలుగేళ్లు ఆగాల్సిందే. అందుకే ఈ యాడ్స్ అంటే నాకు చిరాకు. వాటిలో చెప్పేది చాలాసార్లు అబద్ధం కాదు. చెప్పకుండా వదిలేసిందే అసలు విషయం.

ఏ ఐ7? ఏ 4 జీబీ?

నేను చూసిన ఇలాంటి ఆఫర్లలో ఉండేది ఐ7-2600, లేదంటే ఐ7-3770. మొదటిది 2011లో, రెండోది 2012లో వచ్చింది. ఐ7-3770లో 4 కోర్లు, 8 థ్రెడ్లు ఉంటాయి. ఐ3-12100ఎఫ్‌లోనూ అంతే. కానీ ఒక్కో కోర్ స్పీడ్ చూస్తే ఈ ఐ3 ఆ ఐ7ను ఎక్కడో వెనక్కి నెట్టేస్తుంది. పేరులో 7 ఉన్నంత మాత్రాన పదేళ్ల గ్యాప్ పూడదు కదా.

ఇంకో చిక్కు సాఫ్ట్‌వేర్‌తో. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో 8వ జనరేషన్ నుంచి ఉండాలి. ఏదోలా ఇన్‌స్టాల్ చేసినా, విండోస్ 11 మీద వాలొరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అడుగుతుంది. పైగా ఈ పాత చిప్‌లలో ఏవీఎక్స్2 ఉండదు. అది లేకపోతే కొన్ని కొత్త గేమ్స్ అసలు ఓపెనే కావు.

ఇక '4 జీబీ గ్రాఫిక్స్' సంగతి. 2014 నాటి జీటీ 730లో కూడా 4 జీబీ వేరియంట్లు ఉన్నాయి. మెమరీ సైజు చూసి కార్డు కొనడమంటే, పెట్రోల్ ట్యాంక్ సైజు చూసి బైక్ స్పీడ్ చెప్పడమే. జీటీ 1030నే తీసుకోండి. అదే పేరుతో జీడీడీఆర్5 వెర్షన్ ఉంది, 2018లో వచ్చిన డీడీఆర్4 వెర్షనూ ఉంది. మొదటిదాని మెమరీ బ్యాండ్‌విడ్త్ సెకనుకు 48 జీబీ, రెండోదానిది 17 జీబీ కూడా లేదు. బాక్స్ మీద పేరు మాత్రం ఒక్కటే!

నేనైతే డబ్బు ఎక్కడ పెడతానంటే

మానిటర్ కాకుండా రూ.50 వేల దగ్గర బడ్జెట్ ఉంటే, అందులో 35 నుంచి 40 శాతం గ్రాఫిక్స్ కార్డుకే పక్కన పెడతాను. 1080పీ గేమింగ్‌కి ఆర్‌ఎక్స్ 6600 లాంటి 8 జీబీ కార్డు మంచి టార్గెట్. ప్రాసెసర్‌గా రైజెన్ 5 5600, లేదా ఐ3-12100ఎఫ్ చాలు. ఏఎం5 బోర్డులు డీడీఆర్5 ర్యామ్ మాత్రమే తీసుకుంటాయి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి కాబట్టి, తక్కువ బడ్జెట్‌లో పాత ఏఎం4 ఇప్పటికీ పనికొచ్చేదే. ఇంట్లో ఎవరి దగ్గరైనా డీడీఆర్4 ర్యామ్ ఖాళీగా ఉంటే ఇంకా మంచిది. ర్యామ్ ఒకే 16 జీబీ స్టిక్ కాకుండా 8 జీబీవి రెండు తీసుకోండి. డ్యూయల్ ఛానెల్ వల్ల ఎఫ్‌పీఎస్ పెరుగుతుంది.

ఎస్‌ఎమ్‌పీఎస్ దగ్గర మాత్రం అస్సలు రాజీ పడొద్దు. షాపుల్లో క్యాబినెట్‌తో పాటు ఫ్రీగా ఇచ్చే '450 వాట్' డబ్బా మీద ఆ నంబర్ రాసి ఉంటుంది, అంతే. లోడ్ పడితే తెలుస్తుంది దాని సంగతి. మన ఊళ్లలో వోల్టేజ్ ఎలా ఊగుతుందో మీకు తెలియంది కాదు. నాసిరకం ఎస్‌ఎమ్‌పీఎస్ పోతే ఒంటరిగా పోదు, పక్కన ఉన్న బోర్డునో, కార్డునో వెంట తీసుకుపోతుంది. '80 ప్లస్' గుర్తు ఉంటే చాలనుకోవద్దు. అది కరెంటు ఎంత పొదుపుగా వాడుతుందో చెబుతుంది, లోపలి ప్రొటెక్షన్ గురించి కాదు. మోడల్ పేరుతో రివ్యూలు వెతకండి. ఆర్‌జీబీ ఫ్యాన్లకు పెట్టే డబ్బు ఇక్కడ పెట్టండి.

డబ్బు చాలకపోతే?

'అన్నా, నా దగ్గర అంత లేదు' అనేవాళ్లు ఉంటారు. న్యాయమే. ముప్పై వేల చుట్టుపక్కల ఉంటే పనికిరాని కార్డు కొనకుండా, రైజెన్ 5 5600జీతో మొదలుపెట్టడం బెటర్. అందులోని వేగా గ్రాఫిక్స్‌తో వాలొరెంట్, జీటీఏ 5 లాంటివి తక్కువ సెట్టింగ్స్‌లో ఆడుకోవచ్చు. కార్డు ఏడాది తర్వాత పెట్టుకోవచ్చు. ఒక్క జాగ్రత్త. ఈ చిప్ పీసీఐఈ 3.0 మాత్రమే ఇస్తుంది. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ నాలుగు లేన్లతో పనిచేసే కార్డు కాబట్టి దీంట్లో బాగా దెబ్బతింటుంది. 8 లేన్లున్న ఆర్‌ఎక్స్ 6600కి అంత ఇబ్బంది ఉండదు.

నిజంగానే ఇరవై వేలు మించకూడదంటే సెకండ్ హ్యాండ్ తప్పేం కాదు. నా గొడవ పాత వస్తువుతో కాదు, పాతదాన్ని కొత్తగా చూపించడంతో. ఐ5-8500 ఉన్న రిఫర్బిష్డ్ ఆఫీస్ పీసీ దొరికితే ఆ 'ఐ7' కన్నా వంద రెట్లు నయం. 6 కోర్లు ఉంటాయి, విండోస్ 11 దర్జాగా నడుస్తుంది. అయితే చిన్న డబ్బా మోడల్ కాకుండా టవర్ చూడండి. చిన్నవాటిలో పెద్ద కార్డు పట్టదు, ఎస్‌ఎమ్‌పీఎస్ మార్చడం కూడా కష్టం.

సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా డబ్బు కట్టేముందు ప్రతి పార్టు పూర్తి మోడల్ నంబర్ బిల్లు మీద రాయించండి. వారంటీ కంపెనీదా, షాపుదా అడగండి. పాత కార్డు అయితే జీపీయూ-జెడ్ రన్ చేసి చూపించమనండి. పేరు మార్చి అమ్మే నకిలీ కార్డుల్లో చాలావాటిని అది పట్టేస్తుంది. 'అవన్నీ ఎందుకు తమ్ముడూ, ఐ7 అంటే ఐ7నే' అని షాపతను అంటే, థాంక్స్ చెప్పి పక్క షాపుకి వెళ్లిపోండి.